కథలో నేను మూసిన తలుపు

ముప్పై ఏళ్ళుగా కథలు రాస్తున్నాను. బడిలో తెలుగు చెప్పడం నా ఉద్యోగం. మిగిలిన సమయంలో రాసుకునేవాణ్ణి. పోయినేడు ఉద్యోగం నుంచి దిగిపోయాను. ఇప్పుడు పొద్దంతా నాదే. తిరుపతిలో తిరుచానూరు రోడ్డు పక్కన ఒక సందులో మా ఇల్లు. మిద్దెమీది గదిలో కిటికీ దగ్గర బల్ల వేసుకున్నాను. పొద్దున్నే కూర్చుంటాను. రెండు వాక్యాలు రాసి ఒకటి కొట్టేస్తాను. లేచి కాఫీ పెట్టుకుంటాను. కింద లాడ్జీల ముందు ఆగిన బస్సుల్లోంచి తడి జుట్లతో, గుండ్లతో జనం దిగుతుంటారు. వాళ్ళను చూస్తూ నిలబడితే అరగంట పోతుంది. బల్ల దగ్గరికి తిరిగి వచ్చేసరికి మిగిలిన ఆ ఒక్క వాక్యమూ నచ్చదు.

సభలకు పిలుస్తారు, వెళతాను. శాలువా కప్పుతారు. కొత్తగా రాసేవాళ్ళు పుస్తకాలు పంపి ముందుమాట అడుగుతారు. ఎవరికీ కాదని చెప్పలేను, ఎవరి పుస్తకమూ చివరిదాకా చదవలేను. ఈ అలసట వయసు వల్ల అని మా ఆవిడ అంటుంది. కొంత నిజమే. మిగతాది మా చెల్లెలి మీద రాసిన ఒక కథతో మొదలైంది.

చెల్లెలు నాకంటే పదకొండేళ్ళు చిన్నది. ఐరాల పక్కన ఒక పల్లెకు ఇచ్చాము. సంబంధం చూసింది నేనే. అతను పలమనేరు నుంచి టమోటా లారీ తోలేవాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక, బెంగుళూరు పోయిన మనిషి ఒకసారి తిరిగి రాలేదు. అక్కడ ఇంకొక ఆమెతో ఉంటున్నాడని రెండు నెలలకు తెలిసింది. నేను పోయి, తిరుపతి వచ్చెయ్యమని చెల్లెలిని అడిగాను. రాలేదు. రెండు సీమావులు పెట్టుకుని, కేంద్రానికి పాలు పోసి, పిల్లలిద్దరినీ బడికి పంపింది. ఎప్పుడు చూసినా చేతిలో గడ్డి మోపో, కుడితి బక్కెటో ఉండేది. అలిసిపోలేదా అని అడిగితే ఒకటే మాట అనేది.

"ఈ ఒళ్ళు మనది కాదనుకుంటే పని అయిపోతాదిన్నా."

అలా మూడేళ్ళు గడిచాయి. ఒక దసరా సెలవుల్లో నేను వాళ్ళింట్లో ఉన్నాను. పదకొండు గంటలప్పుడు కొట్టం దగ్గర మంచమేసుకుని కూర్చుని ఉంటే, గడప ముందు ఎవరో నిలబడ్డారు. బెంగుళూరు పోయిన అతనేనని నేను వెంటనే పోల్చుకోలేదు. కళ్ళు పచ్చగా ఉన్నాయి, బుగ్గలు లోపలికి పోయాయి. చేతిలో ఎరువు గోతంతో కుట్టిన సంచి. చెల్లెలు, చెవి చీలిన ఆవుకు కుడితి పెడుతూ తలెత్తి చూసింది. బక్కెటు దించలేదు. అలాగే కాసేపు నిలబడింది. తర్వాత బక్కెటు పక్కన పెట్టి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. కొట్టంలో పని చేసేటప్పుడు వాకిలికి తాళమేసి తాళంచెవి కొంగున ముడేసుకోవడం ఆమెకు అలవాటు. ఆ ముడి విప్పుకుంటూ వాకిలి దగ్గరికి పోయింది. తాళం రెండు మూడుసార్లు తిప్పినా రాలేదు. తుప్పు పట్టిందనుకున్నాను. చివరికి వచ్చింది. తలుపు తీసి పక్కకు జరిగింది.

"కాళ్ళు కడుక్కోని లోపలికి రా," అంది.

అతనికి జావ కాచి ఇచ్చి, మళ్ళీ ఆవు దగ్గరికి వచ్చింది. నేను మధ్యాహ్నం బస్సెక్కాను.

తిరుపతి వచ్చాక వారం రోజుల్లో ఆ కథ రాశాను. ఊరు మార్చాను, ఇద్దరు ఆడపిల్లలను ఒక కొడుకును చేశాను. మిగతాదంతా చూసింది చూసినట్టే రాశాను. అప్పట్లో మేము అయిదారుగురం రాసేవాళ్ళం, ఆదివారాలు పొద్దున పార్కులో కలిసేవాళ్ళం. అక్కడ ఆ కథ చదివాను. అందరూ బాగుందన్నారు. మాలో బాగా చదువుకున్న స్నేహితుడొకడు, కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, కొంచెంసేపు ఆలోచించి అన్నాడు:

"అంతా బాగుండాదప్పా. కానీ చివర్లో ఆయమ్మ తలుపు తీసేస్తే కథ ముప్పై ఏండ్లు ఎనక్కి పోతాది. చదివినోళ్ళకి ఏం మిగల్తాది చెప్పు."

అతను మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట మీద కోపం తెచ్చుకోవాల్సినవాణ్ణి నేను. రాలేదు. ఎందుకంటే నాకూ లోపల అదే అనిపించింది. ఇంటికి వచ్చి నాలుగు వాక్యాలు మార్చాను. ఆమె తాళంచెవి విప్పుతుంది. చేతిలో పట్టుకుని అతణ్ణి చూస్తుంది. మళ్ళీ కొంగున ముడేసుకుని, బక్కెటు ఎత్తుకుని రెండో ఆవు దగ్గరికి పోతుంది. తలుపు మూసే ఉంటుంది. కథ అయిపోతుంది. అరగంట కూడా పట్టలేదు.

ఆ కథకు ఒక వారపత్రిక పోటీలో బహుమతి వచ్చింది. వేరే భాషల్లోకి పోయింది. ఎక్కడెక్కడి ఆడవాళ్ళో ఫోన్లు చేసి ఏడ్చారు. ఒక సభలో ఒకమ్మాయి నా కాళ్ళకు మొక్కబోతే వారించాను. వారిస్తూ సంతోషపడ్డాను. ఆ సంతోషం అబద్ధమని ఇప్పుడు చెప్పను. చాలా ఏళ్ళు దాని మీదే బతికాను. చెల్లెలికి మాత్రం ఆ కథ సంగతి చెప్పలేదు. ఆమె అయిదో తరగతి వరకు చదివింది, పత్రికలు చూసేంత తీరిక లేదు. తెలియదులే అనుకున్నాను. కొన్నాళ్ళకు ఆ కథ డిగ్రీ పిల్లలకు పాఠంగా కూడా వచ్చింది. ఉత్తరం అందిన రోజు మిఠాయి కొని ఇంటికి తెచ్చాను.

చెల్లెలి చిన్నకూతురు చిత్తూరులో డిగ్రీలో చేరుతుందని నాకు తెలుసు. ఆ పాఠం ఆ పిల్లకు వస్తుందన్న ఆలోచన మాత్రం ఒక్కసారి కూడా రాలేదు. వచ్చిందో, నేనే రానివ్వలేదో.

తర్వాత ఆ పిల్లే నాకు చెప్పింది. క్లాసులో అయివారు చదువుతుంటే ఆవు చెవి దగ్గర అనుమానం వచ్చిందట. "ఈ ఒళ్ళు మనది కాదనుకుంటే" దగ్గరికి వచ్చేసరికి చేతులు చల్లబడిపోయాయట. చివర్లో అయివారు పుస్తకం మూసి, ఆత్మాభిమానం ఉన్న ఆడమనిషి ఇట్లుండాలి అన్నాడట. పిల్లలు చప్పట్లు కొట్టారు. తను కూడా కొట్టిందట.

"కొట్టకపోతే పక్కనోళ్ళు చూస్తారని కొట్టినాను మామా."

ఆ సాయంత్రం పాలు పిండే వేళ పుస్తకం తెచ్చి అమ్మకు చదివి వినిపించింది. కొట్టం అవతలి పక్క నాయన గడ్డి కత్తిరిస్తున్నాడని తెలుసు గానీ, మిషను చప్పుడులో వినపడదనుకుంది. చదవడం సగంలో ఉండగా మిషను ఆగిపోయిందట. గమనించకుండా చివరిదాకా చదివి, క్లాసులో చప్పట్ల సంగతి కూడా చెప్పేసింది.

రెండు రోజులకు అతను తవుడు తెస్తానని చెప్పి పొద్దున్నే బయలుదేరాడు. తిరిగి రాలేదు. ఫోను గూట్లో పెట్టి పోయాడు.

మూడో రోజు చెల్లెలు ఫోను చేసింది. జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పింది. నీ వల్లే అనలేదు.

"అన్నా, నువ్వు చిత్తూరికి రా. ఇద్దరం పొయ్యొద్దాం," అంది.

పలమనేరు టమోటా మండీలో అతణ్ణి చూసినట్టు ఎవరో చెప్పారట. నేను మొదటి బస్సు పట్టుకుని చిత్తూరులో దిగేసరికి, బస్టాండులో సిమెంటు బల్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. టీ తాగుతావా అని అడిగింది. పలమనేరు బస్సులో పక్కపక్కన కూర్చున్నాము.  బస్సు మొగిలి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే కిటికీలోంచి చల్లగాలి మొదలైంది. అప్పుడు అడిగింది.

"ఆ కత రాసింది నువ్వేనంట గదా."

"నేనే."

"పాప చదివింది. ఆవును గురించి బాగా రాసినావు. అది సచ్చిపోయి నాలుగేండ్లయింది. వింటా ఉంటే కండ్ల ముందర నిలబడినట్టే ఉన్నింది." కొంగు సర్దుకుంది. "ఒగటి అడగల్ల నిన్ను. నేను తలుపు ఎందుకు తియ్యలా?"

ఈ ప్రశ్నకు సభల్లో చెప్పే జవాబులు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి పక్కన పెట్టాను.

"చదివేవాళ్ళకు అట్లుంటే బాగుంటుందని," అన్నాను.

"ఓ," అంది. నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నువ్వు ఆడనే ఉండావు. తాళం మూడుసార్లు తిప్పినా రాలా. సూసినావు గదా."

"తుప్పనుకున్నా."

"తుప్పు కాదున్నా. నా చెయ్యి ఆడలా." గొంతు పెంచలేదు. ముందు సీటులో వాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా అంది. "తియ్యకుండా ఉండేదానికి ఏం కష్టం చెప్పు. మూడేండ్లు నేను చేసింది అదే పని. దినామూ మనసులో తలుపేసుకుంటానే ఉన్నాను. ఆయప్ప వస్తే ఏమేమి అడగాల్నో అన్నీ పెట్టుకోనుంటి. వచ్చినాడు. సచ్చేమాదిరి వచ్చినాడు. గడప ముందర నిలబడుకోనుండాడు. అట్లనే నిలబెట్టి సూస్తే నాకు బాగుంటాదేమోనని ఒగ నిమిషం సూసినాను. బాగుండలా. అంతే. మొగుడని తియ్యలా, బిడ్డల కోసరమనీ తియ్యలా. నాకు బాగుండలేదు కాబట్టి తీసినాను."

కండక్టరు వచ్చి పోయాడు. ఆమె మళ్ళీ అంది.

"లోపలికి రానిచ్చినాక రెండేండ్లు నేను ఆయప్పతో మాట్లాడలా. అది నువ్వు సూళ్ళేదు. వండేది, పెట్టేది, అంతే. ఆయప్ప బిడ్డలకి జడలేసి బడికి పంపించేది నేర్చుకున్నాడు. పాప మొదుట్లో తల ఇచ్చేది గాదు, ఏడ్సేది. అయినా దినామూ దువ్వెన ఎత్తుకోని కూసునేవాడు. అవన్నీ నీకు తెలీవు. మధ్యానానికి బస్సెక్కి పోతివి."

నేను ముప్పై ఏళ్ళలో కథల్లో ఎంతోమంది ఆడవాళ్ళ చేత మాట్లాడించాను. ఆమె అన్నట్టు ఒక్కరు కూడా మాట్లాడలేదు. వినాల్సింది పక్కనే ఉంటే నేను నిశ్శబ్దం అని రాసుకున్నాను. ఆ నిశ్శబ్దాన్ని సమీక్షకులు ఎంతో మెచ్చుకున్నారు కూడా.

మండీలో క్రేట్లు వరసలుగా పేర్చి ఉన్నాయి. లారీలకు ఎత్తుతున్నారు. అతను ఒక మూల బోర్లించిన క్రేటు మీద కూర్చుని, నలుగురైదుగురు ఆడవాళ్ళతో పాటు పచ్చివీ పండువీ వేరు చేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. ముందు నావైపే చూశాడు.

"బాగుండావా బావా?" అన్నాడు.

ఆ పలకరింపుకు తట్టుకోలేకపోయాను. తప్పు నాదప్పా అన్నాను.

"పెద్దోడివి, అట్లనొద్దు. నువ్వు రాసిన దాంట్లో తప్పేముండాది." అతను నేలవైపు చూస్తూ మాట్లాడాడు. "వాళ్ళ అయివారు గూడా అదే న్యాయమన్నాడంట. పిలకాయలంతా చప్పట్లు కొట్టినారంట. పాప గూడా కొట్టినాది. ఇంతమందికి తెలిసిన న్యాయం, ఆయమ్మ నాకోసరం ఇడిసిపెట్టుకున్నాదే అనిపించినాది. బిడ్డ ముందర ఎట్ల తిరగల్లో తెలీలా. అందుకే వచ్చేస్తి."

చెల్లెలు అంతవరకు నిలబడి వింటోంది. సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"కత మా అన్నది. ఇల్లు నాది," అంది. "ఎవుర్ని రానియ్యాల్నో కాలేజీలో ఎందుకు చెప్తారు. ఆవులకి గడ్డేసే దిక్కు లేదాడ. పద."

అతను "ఈ క్రేటు అయిపోనీ" అని కూర్చున్నాడు. చెల్లెలు కూడా అతని పక్కన గొంతుక్కూర్చుని ఏరడం మొదలుపెట్టింది. ఏం చెయ్యాలో తెలియక నేను నిలబడ్డాను. నాకు పచ్చిదేదో దోరదేదో కూడా సరిగ్గా తెలియదు. టమోటా రైతుల మీద మాత్రం రెండు కథలు రాశాను.

తిరుగు బస్సులో సీట్లున్నా అతను చాలా దూరం నిలబడే వచ్చాడు. చెల్లెలు కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. చిత్తూరులో వాళ్ళు ఐరాల బస్సెక్కారు, నేను తిరుపతి బస్సెక్కాను.

ఆదివారం ఆ స్నేహితుడికి ఇదంతా చెప్పాను. అతని తప్పేదో ఒప్పుకుంటాడని నాలో ఒక చిన్న ఆశ ఉన్నట్టుంది.

"నేను కథ గురించి చెప్పినానప్పా. మీ చెల్లెలని నాకేం తెలుసు? నీకు తెలుసు గదా," అన్నాడు.

నిజమే. చూసినవాణ్ణి నేను. చూడనివాడి మాట నాకు తేలికగా ఉంది, తీసుకున్నాను. పాఠం తీసేయమని పుస్తకం వేసినవాళ్ళకు రాశాను. పిల్లలకు బాగా నచ్చిన పాఠం, మార్చే ఆలోచన లేదు అని ఫోనులో మర్యాదగా చెప్పారు. ఆ ఏడాది పరీక్షలో ఆ కథ మీద ప్రశ్న వచ్చింది. కథానాయిక ఆత్మాభిమానాన్ని వివరించమని.

"ఏం రాస్తివి పాపా?" అని మేనకోడలిని అడిగాను.

"బుక్కులో ఉండేదే రాసినాను మామా. మాయమ్మ చేసింది రాస్తే మార్కులెవురేస్తారు?"

ఎత్తిపొడుపేమీ లేదు ఆ మాటలో. పరీక్ష పోకూడదు, అంతే.

ఇప్పుడు ఆ కథ మళ్ళీ రాస్తున్నాను. ఎన్నిసార్లు మొదలుపెట్టానో లెక్క లేదు. ఆమె తలుపు తీసిందని రాస్తే చదవడానికి అది లొంగిపోయినట్టే కనబడుతుంది. ఆ చెయ్యి ఎందుకు ఆడలేదో చదివేవాడికి తెలియాలంటే మూడేళ్ళ పాల క్యాన్లు, గడ్డి మోపులు, మనసులో ఆమె పేర్చి పెట్టుకున్న ప్రశ్నలు అన్నీ ముందు రావాలి. తలుపు తీశాక రెండేళ్ళ మౌనం రావాలి. కథ ఎక్కడ ఆపాలో తెలియడం లేదు. వెనకటిలా ఒక పొద్దున కూర్చుని తేల్చేసే ఓపికా లేదు. ఒక పేజీ రాస్తే వీపు పట్టేస్తుంది. నేర్పు అని ఇన్నాళ్ళు అనుకున్నది ఈ కథ దగ్గర అడ్డమే పడుతోంది. వాక్యం అందంగా వచ్చిన ప్రతిచోటా అనుమానం వస్తోంది.

రాయొచ్చా అని ముందే చెల్లెలిని అడిగాను.

"రాసుకో. ఆయప్ప ఉండేంతవరకూ అచ్చెయ్యొద్దు," అంది. "నాకు మాత్రం చదివి వినిపించు. ఈసారి తప్పుంటే నేనే చెప్తా."

మొన్న వేసవిలో అయినంతవరకు తీసుకుని వాళ్ళ ఊరు వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వసారాలో చాప మీద కూర్చుంది. ముందు చేటలో చింతపండు రాశి. గింజలు తీస్తూ, "చదువు, వింటా ఉండా" అంది. చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలో ఒకచోట ఆపి, పాల కేంద్రానికి పోయేది నాలుగ్గంటలకు కాదు, అయిదుకు అని చెప్పింది. దిద్దుకున్నాను. రెండో పేజీలో ఊఁ కొట్టింది. నాలుగో పేజీలో ఊఁ ఆగిపోయింది. తలెత్తి చూస్తే గోడకు ఆనుకుని నిద్రపోతోంది. చేతిలో ఒక గింజ అలాగే ఉంది.

నేను కొంచెం గొంతు తగ్గించి ఆ పేరా పూర్తి చేశాను. ఎవరి కోసమో తెలియదు. అంతలో అతను కొట్టం నుంచి వచ్చాడు. ఆమె ముందున్న చేట చప్పుడు కాకుండా పక్కకు జరిపాడు. మెడ కింద తువ్వాలు మడిచి పెట్టాడు. నా చేతిలో కాగితాల వైపు చూశాడు. అందులో ఏముందో అతనికి తెలుసు.

"అయిపాయెనా బావా?" అని మెల్లగా అడిగాడు.

"ఇంకా ఉంది."

"లేసినాక చదువు. పొద్దన నాలుక్కే లేసినాది."

తిరుపతి బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. కాగితాలు మడిచి సంచిలో పెట్టాను. అతను చింతపండు రాశి మా ఇద్దరి మధ్యకు లాగాడు. ఇద్దరం గింజలు తీస్తూ కూర్చున్నాము.